బడిలో ర్యాంకు, కాలేజీలో చోటు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల నుంచి వచ్చాయి. హైస్కూలులో పిల్లలకు ఇచ్చే క్లాస్ ర్యాంకుకు కాలేజీ ప్రవేశాలలో ఎంత విలువ ఉంటుంది, పోటీ ఎక్కువగా ఉన్న స్కూలులో చదివినందువల్ల ర్యాంకు తగ్గితే పిల్లలు నష్టపోతారా అన్నదే దాదాపు అన్నింటిలోనూ కనిపించిన ఆందోళన. వాటిలో ఆరింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాము. ఇండియాలోని పాఠకులకు ఒక మనవి: ఈ పేజీలో ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, హైస్కూలులోనే కాలేజీ స్థాయిలో బోధించే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులు.

ప్రశ్న: మేము డాలస్ ఉత్తర శివారులో ఉంటున్నాము. మా అమ్మాయి పదకొండో తరగతి ముగించింది. అన్నిటిలోనూ దాదాపు ఏ గ్రేడ్లే వచ్చినా 612 మందిలో 52వ ర్యాంకు అన్నారు. ఆస్టిన్‌లోని యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్)లో కంప్యూటర్ సైన్స్ చదవాలని తన కోరిక. ఈ ర్యాంకుతో ఆశ పెట్టుకోవచ్చా?
ఒక తల్లి, టెక్సాస్

సమాధానం: ర్యాంకు అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్). రాష్ట్రంలోని పిల్లలందరూ ఒకే ప్రవేశ పరీక్ష రాస్తారు, ఒకే జాబితా తయారవుతుంది, కౌన్సెలింగులో ఆ అంకెను బట్టి కాలేజీ, బ్రాంచి దొరుకుతాయి. అమెరికన్ హైస్కూలు ర్యాంకు అటువంటిది కాదు. అది తొమ్మిదో తరగతి నుంచి వచ్చిన గ్రేడ్లను కూడి, ఒక స్కూలులోని ఒక బ్యాచికి మాత్రమే వేసే వరుస. మీ అమ్మాయి 52వ ర్యాంకుకూ, అయిదు మైళ్ల అవతలి స్కూలులో ఇంకొకరి 52వ ర్యాంకుకూ పోలికే లేదు. కాబట్టి ఆ అంకెను ఏ విశ్వవిద్యాలయం ఏ విధంగా వాడుకుంటుందో తెలుసుకోవాలి. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విషయంలో ఆ సంగతి చట్టంలోనే ఉంది.

ప్రవేశాలలో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 1996లో హాప్‌వుడ్ కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పిన మరుసటి ఏడాది, టెక్సాస్ శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రంలోని ఏ హైస్కూలులోనైనా పై 10 శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ప్రవేశం ఇచ్చి తీరాలన్నది ఆ చట్టం సారాంశం. అయితే ఆస్టిన్‌లో సీట్లలో అత్యధిక భాగం ఈ దారినే నిండిపోసాగాయి. అందువల్ల 2009లో చట్టాన్ని సవరించి, టెక్సాస్ విద్యార్థుల సీట్లలో 75 శాతం వరకే ఈ పద్ధతిలో నింపే వెసులుబాటును ఆ ఒక్క క్యాంపస్‌కు ఇచ్చారు. దరఖాస్తులు పెరిగే కొద్దీ ఆ 75 శాతం దగ్గర ఆగడానికి గీతను పైకి జరపవలసి వచ్చింది. కొన్నేళ్లు 6 శాతం ఉన్న గీత, 2026 ఫాల్‌లో చేరేవారి నుంచి 5 శాతం అయింది.

ఇక మీ లెక్కకు వద్దాము. 612 మందిలో 5 శాతం అంటే 30 మంది. మీ అమ్మాయి 8.5 శాతం దగ్గర ఉంది. కాబట్టి ఆస్టిన్‌లో చట్టం ఇచ్చే హామీ ఆమెకు వర్తించదు. గ్రేడ్లు, తీసుకున్న కోర్సులు, వ్యాసాలు, బడి బయట చేసిన పనులు అన్నీ కలిపి చూసే రెండో వరుసలో ఆమె దరఖాస్తు నిలబడుతుంది. 2025 ఫాల్ ప్రవేశాల నుంచి అక్కడ శాట్ లేదా యాక్ట్ స్కోరు మళ్లీ తప్పనిసరి అయినందువల్ల, పోటీ స్కూలు నుంచి వచ్చే పిల్లలకు ఆ స్కోరు కొంత ఆసరా అవుతుంది. రాష్ట్రమంతటికీ ఒకే కొలత అయినది అదొక్కటే కదా.

మీరు అడగకపోయినా చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. మీ అమ్మాయి 20వ ర్యాంకులో ఉన్నప్పటికీ ఆమెకు దొరికే హామీ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికే గాని కంప్యూటర్ సైన్స్‌కు కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, బిజినెస్ వంటి మేజర్లకు విడిగా ఎంపిక జరుగుతుంది. మా పరిచయస్తులలో పై 5 శాతంలో ఉండి కూడా కోరిన మేజర్ దొరకక కంగు తిన్న కుటుంబాలు ఉన్నాయి. "ఆటోమేటిక్ అడ్మిషన్" అన్న మాటలోని మొదటి సగమే అందరి చెవినా పడుతోంది.

10 శాతం గీత మిగిలిన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అలాగే ఉంది. 61వ ర్యాంకు వరకు ఆ గీత లోపలే కనుక, టెక్సాస్ ఏ అండ్ ఎం, యూటీ డాలస్, హ్యూస్టన్ వంటి చోట్ల మీ అమ్మాయికి ప్రవేశం చట్టరీత్యా హక్కు. గడువులోగా దరఖాస్తు చేయాలి, హైస్కూలులో "డిస్టింగ్విష్డ్" స్థాయి కోర్సుల ప్రణాళికను పూర్తి చేయాలి. ఏ అండ్ ఎంలో ఇంజినీరింగ్‌కు ఎంపిక వేరుగా ఉంటుంది. అక్కడ మొదటి ఏడాది అందరూ జనరల్ ఇంజినీరింగ్ చదివి, ఆ ఏడాది మార్కులను బట్టి బ్రాంచి తెచ్చుకుంటారు. ఇది మాత్రం మన కౌన్సెలింగును గుర్తుకు తెస్తుంది.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. మా ఇంటి దగ్గరి హైస్కూలులో సగం మంది మన పిల్లలే, అందరూ ఏపీ కోర్సుల మీదే ఉంటారు. నలభై మైళ్ల దూరంలో చిన్న ఊరు ఉంది, అక్కడి స్కూలులో పోటీ లేదు. ఇల్లు మారితే మొదటి పది మందిలో ఉంటాడని మా బావగారు అంటున్నారు. అసలు ఈ చట్టమే మా వంటి వారికి అన్యాయం కాదా?
ఒక తండ్రి, టెక్సాస్

సమాధానం: మీ బావగారిది కొత్త ఆలోచన కాదు. ఈ చట్టం వచ్చిన తొలి సంవత్సరాలలో ఎనిమిది, పది తరగతుల మధ్య టెక్సాస్ విద్యార్థులు ఏ స్కూలు నుంచి ఏ స్కూలుకు మారారో ఆర్థికవేత్తలు పరిశీలించారు. కొన్ని కుటుంబాలు పోటీ ఎక్కువగా ఉన్న మాగ్నెట్ స్కూళ్లను (ప్రత్యేక కోర్సులతో వేరే ప్రాంతాల పిల్లలను కూడా చేర్చుకునే ప్రభుత్వ బడులను) వదిలి దగ్గరలోని మామూలు స్కూళ్లను ఎంచుకున్నాయని వారు తేల్చారు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్న సామెత ఇంగ్లీషు పరిశోధన పత్రంగా మారితే అలాగే ఉంటుంది.

న్యాయాన్యాయాల మాటకు వస్తే, మీతో మేము పూర్తిగా ఏకీభవించలేము. పశ్చిమ టెక్సాస్‌లోని ఒక చిన్న ఊరి స్కూలులో ఏపీ కాలిక్యులస్ చెప్పే ఉపాధ్యాయుడే ఉండకపోవచ్చు. ఆ స్కూలులో మొదటి స్థానంలో ఉన్న పిల్లను మీ స్కూలులోని 90వ ర్యాంకు పిల్లతో శాట్ స్కోరు ఒక్కటే చూసి పోల్చితే ఎవరు నెగ్గుతారో చెప్పనక్కరలేదు. ఉన్న వసతులలో ఎంత ఎదిగారన్నది కూడా ఒక కొలతే. మన దగ్గర 2008లో పెట్టిన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీలలో ప్రభుత్వ బడి పిల్లల పదో తరగతి జీపీఏకు 0.4 కలిపి చూసిన పద్ధతిని మనం తప్పు పట్టలేదు. ఐఐటీలు సైతం ఇంటర్‌లో 75 శాతం మార్కులు రాకపోయినా తమ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉంటే చాలునంటాయి. టెక్సాస్ చట్టం వెనుక ఉన్న ఆలోచన కూడా అదే.

ఇల్లు మారే విషయంలో మా అభిప్రాయం సూటిగా చెబుతాము: ర్యాంకు కోసమే అయితే వద్దు. మొదటి కారణం, పైన చెప్పినట్లు హామీ మేజర్‌కు లేదు. ఇంజినీరింగ్ కోరుకునే కుర్రవాడు ఫిజిక్స్ సి, మల్టీవేరియబుల్ కాలిక్యులస్ లేని స్కూలుకు వెళ్లి తెచ్చుకున్న 4వ ర్యాంకు, ఆ మేజర్ ఎంపికలో అతనికి పెద్దగా ఉపయోగపడదు. రెండవది, స్కూలు మారినప్పుడు పాత కోర్సులకు ఎంత వెయిటేజి ఇవ్వాలన్నది కొత్త స్కూలు డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) నిబంధనలను బట్టి ఉంటుంది. మొదటి స్థానపు గౌరవానికి అదే స్కూలులో ఇన్నేళ్లు చదివి ఉండాలన్న షరతు చాలా చోట్ల ఉంది. మూడవది, గీత మీ చేతిలో లేదు. 10 శాతం అనుకుని 1998లో ఇల్లు మారిన వారి పిల్లల తరవాతి తరానికి అది 5 శాతం అయింది. మీ బాబు పన్నెండో తరగతికి వచ్చేసరికి ఎంత ఉంటుందని లెక్క వేసుకుంటారు?

అయినా పోటీ స్కూలులో నష్టం బొత్తిగా లేదని మేము అనము. మూడు ప్రముఖ ప్రైవేటు విశ్వవిద్యాలయాల దరఖాస్తులను పరిశీలించి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఒకే అర్హతలు ఉన్న ఇద్దరిలో మెరికల్లాంటి తోటివారి మధ్య చదివిన విద్యార్థికి అవకాశం కొంత తగ్గుతోందని చూపింది. అయితే విద్యార్థి సొంత అర్హతల ప్రభావంతో పోల్చితే ఆ తగ్గుదల చిన్నదేనని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఇల్లు అమ్ముకునేటంత నష్టం మాత్రం అందులో లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి నుంచి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తున్నాడు. ఆ క్లాసు వల్ల వాడి జీపీఏ తగ్గి ర్యాంకు పడిపోతోందని స్నేహితులు చెబుతున్నారట. ఏ గ్రేడు వచ్చినా తగ్గడం ఏమిటి?
ఒక పాఠకురాలు, ఆస్టిన్

సమాధానం: వింతగా ఉన్నా మీ అబ్బాయి స్నేహితుల మాట నిజమే కావచ్చు. చాలా డిస్ట్రిక్టులలో ఏపీ కోర్సులో ఏ వస్తే 5 పాయింట్లు, మామూలు కోర్సులో ఏ వస్తే 4 పాయింట్లు ఇస్తారు. ఆరు ఏపీ కోర్సులు, ఒక ఆర్కెస్ట్రా తీసుకుని అన్నిటిలోనూ ఏ తెచ్చుకున్న పిల్లవాడికి మొత్తం 34 పాయింట్లు, ఏడుతో భాగిస్తే 4.857. అవే ఆరు ఏపీలు తీసుకుని ఏడో పీరియడ్ ఖాళీగా ఉంచుకున్న పిల్లవాడికి 30 పాయింట్లు, ఆరుతో భాగిస్తే 5.0. వయొలిన్ పట్టుకున్నవాడి కంటే ఖాళీగా కూర్చున్నవాడు ముందుంటాడు. చోటు చోటుకూ వందో వంతు తేడాలు ఉండే స్కూలులో ఇది పది ర్యాంకులు మింగుతుంది.

ఈ లోపం డిస్ట్రిక్టులకు తెలియనిది కాదు. కొన్ని చోట్ల లలిత కళల కోర్సులను ర్యాంకు లెక్క నుంచి తప్పిస్తారు, కొన్ని చోట్ల పాస్ లేదా ఫెయిల్‌గా తీసుకునే వీలు ఇస్తారు. మీ కౌన్సెలర్‌ను అడిగి తెలుసుకోండి. ఏ వీలూ లేకపోతే, 5 శాతం గీతకు మరీ దగ్గరలో ఉంటే తప్ప మానిపించవద్దని మా సలహా. ఈ వ్యాసకర్త ఇంట్లోనూ ఇదే చర్చ జరిగింది. రెండు దశాంశాల కోసం మృదంగం మూలన పెట్టించిన పాపం ఇప్పటికీ ఇంట్లో వినవలసి వస్తోంది.

ప్రశ్న: మా స్కూలు ర్యాంకులే ఇవ్వదు. పక్క రాష్ట్రాల పిల్లలు ఫస్ట్, సెకండ్ అని చెప్పుకుంటుంటే మా అమ్మాయి దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉంటే తక్కువగా చూడరా?
ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: చూడరు. ర్యాంకు ఇవ్వని స్కూళ్లు దేశంలో ఇప్పుడు చాలా ఉన్నాయి. పోటీ తీవ్రంగా ఉన్న శివారు స్కూళ్లే ఆ పని ముందుగా చేశాయి, ఎందుకంటే 95 సగటుతో ఉన్న పిల్ల 120వ ర్యాంకు అని రాసి పంపడం వల్ల ఎవరికీ మేలు లేదని వాటికి అర్థమైంది. దరఖాస్తుతో పాటు కౌన్సెలర్ పంపే పత్రంలో "ఈ స్కూలు ర్యాంకు ఇవ్వదు" అని గుర్తు పెట్టే వీలు ఉంటుంది. ప్రవేశాలలో ర్యాంకుకు చాలా ప్రాధాన్యం ఇస్తామని చెప్పే కాలేజీలు 1990ల ఆరంభంతో పోల్చితే బాగా తగ్గాయి.

అయితే ర్యాంకు లేదంటే పోలిక లేదని అనుకోకండి. ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు స్కూలు ప్రొఫైల్ అనే రెండు, మూడు పేజీల పత్రం వెళుతుంది. మీ స్కూలులో ఎన్ని ఏపీలు ఉన్నాయి, గ్రేడ్లు ఎలా ఇస్తారు, ఎంత మంది ఏ జీపీఏ పరిధిలో ఉన్నారు అన్న వివరాలు అందులో ఉంటాయి. జీపీఏల పట్టిక ఉంటే చాలు, మీ అమ్మాయి సుమారుగా ఏ పదో వంతులో ఉందో చదివేవారు నిమిషంలో గ్రహిస్తారు. ఆ ప్రొఫైల్ సాధారణంగా స్కూలు వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, తప్పక చదవండి. అలాగే చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రాన్ని విడుదల చేస్తాయి. అందులో సీ7 అన్న భాగంలో కోర్సుల కాఠిన్యం, జీపీఏ, క్లాస్ ర్యాంకు వంటి ఒక్కొక్క అంశానికి తాము ఎంత విలువ ఇస్తామో కాలేజీయే గుర్తు పెడుతుంది. వాట్సాప్ గ్రూపులో పది మందిని అడగడం కన్నా ఆ ఒక్క పేజీ చూడటం మేలు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో పై 9 శాతం పిల్లలకు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) సీటు ఖాయమని విన్నాము. బర్క్‌లీ కూడా అందులో ఉన్నట్లేనా?
ఒక తల్లి, ఫ్రీమాంట్

సమాధానం: లేదు. స్కూలులో పై 9 శాతంలో ఉన్న కాలిఫోర్నియా విద్యార్థికి, తాను దరఖాస్తు చేసిన యూసీ క్యాంపస్‌లు ఏవీ ప్రవేశం ఇవ్వకపోతే, ఖాళీ ఉన్న మరొక క్యాంపస్‌లో చోటు చూపుతారు. ఆ క్యాంపస్ ఇటీవలి కాలంలో మెర్సెడ్. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ మీద ఈ నియమం ఏ హక్కూ ఇవ్వదు. ఆ 9 శాతాన్ని మీ స్కూలు లెక్కించే వెయిటెడ్ జీపీఏతో కాక, పది, పదకొండు తరగతుల నిర్ణీత కోర్సులతో యూసీ స్వయంగా లెక్కిస్తుంది. అందులో ఏపీ, ఆనర్స్ అదనపు పాయింట్లు ఎనిమిది సెమిస్టర్లకే పరిమితం. అందువల్ల పదిహేను ఏపీలు తీసుకున్నా ఈ లెక్కలో అదనంగా కలిసేది లేదు. ఫ్రీమాంట్‌లో పిల్లల నిద్రవేళలు చూసినవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. శాట్ స్కోరును యూసీ ప్రవేశాలలో ఇప్పుడు చూడనే చూడరు.

ప్రశ్న: అట్లాంటా దగ్గర ఉండే మా మనవరాలికి స్కూలులో మూడో ర్యాంకు వచ్చింది. హార్వర్డ్ రాలేదు. జార్జియా టెక్ కూడా నిర్ణయం వాయిదా వేసిందట. రెండో ర్యాంకు పిల్లకు జార్జియా టెక్ వెంటనే వచ్చింది. పిల్ల అక్కడే పుట్టి పెరిగింది, ఏ లోటూ లేదు. మూడో ర్యాంకు అంటే అంత చులకనా?
ఒక తాతగారు, తెనాలి

సమాధానం: తాతగారూ, మూడో ర్యాంకు చులకన కాదు, అయితే మీ మనవరాలు గీతకు ఒక్క అడుగు ఇవతల ఆగింది. జార్జియా హైస్కూళ్లలో మొదటి, రెండో స్థానాలలో నిలిచిన వారికి కొన్ని షరతులతో నేరుగా ప్రవేశం ఇచ్చే పద్ధతి జార్జియా టెక్‌లోనూ, యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలోనూ ఉంది. రెండు, మూడు ర్యాంకుల మధ్య బహుశా దశాంశాల తేడాయే ఉండి ఉంటుంది, అయినా నియమం రెండు దగ్గర ఆగింది. వాయిదా అంటే తిరస్కారం కాదు, ఆ దరఖాస్తును మిగిలిన వారితో కలిపి మళ్లీ చూస్తారు.

హార్వర్డ్ సంగతి వేరు. 2024లో ఆ కాలేజీకి 54 వేలకు పైగా దరఖాస్తులు వెళితే, ప్రవేశం ఇచ్చింది రెండు వేల లోపు మందికి. దేశంలో హైస్కూళ్లు ఇరవై వేలకు పైగా ఉన్నాయి. స్కూలుకు ఒక్క ఫస్ట్ ర్యాంకు చొప్పున తీసుకున్నా పదింట తొమ్మిది మందిని తిప్పి పంపవలసిందే. పైగా ఆ కొద్ది సీట్లలో పూర్వ విద్యార్థుల పిల్లలకు, కాలేజీ జట్లకు ఎంపికైన క్రీడాకారులకు మొగ్గు ఉంటుంది. ఆ మొగ్గు సంపన్న కుటుంబాల పిల్లలకు ఎంతగా కలిసి వస్తోందో హార్వర్డ్, బ్రౌన్ విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలే 2023లో లెక్కలతో చూపించారు. కాబట్టి అక్కడ చోటు రాకపోవడానికి ర్యాంకు కారణమని మీరు గాని, కోడలుగారు గాని అనుకోవద్దు.

ఆమెకు ర్యాంకుతో నిమిత్తం లేకుండా దొరికేది ఒకటి ఉంది, అది మీ ఉత్తరంలో లేదు. జార్జియా ప్రభుత్వ కాలేజీలలో ట్యూషన్ ఫీజు పూర్తిగా భరించే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు మొదటి రెండు ర్యాంకులవారు టెస్ట్ స్కోరు లేకుండానే అర్హులు. మిగిలినవారికి ప్రధాన సబ్జెక్టులలో 3.7 జీపీఏ, ఒకేసారి రాసిన శాట్‌లో 1200, నిర్ణీత సంఖ్యలో కఠినమైన కోర్సులు ఉంటే సరిపోతుంది. ఆ జీపీఏను స్కూలు కాదు, రాష్ట్ర సంస్థ తన పద్ధతిలో తిరిగి లెక్కిస్తుంది, దానినే హోప్ జీపీఏ అంటారు. అమెరికా పౌరసత్వం గాని, గ్రీన్ కార్డు గాని ఉండాలన్న నిబంధన వల్ల హెచ్4 వీసా మీద ఉన్న మన పిల్లలు చాలామంది దీనికి దూరమవుతున్నారు. మీ మనవరాలు అక్కడే పుట్టిందని రాశారు కనుక ఆమెకు ఆ ఇబ్బంది లేదు. స్కూలు కౌన్సెలర్ దగ్గరకు వెళ్లి హోప్ జీపీఏ ఎంత చూపుతోందో ఈ వారమే కనుక్కోమని అబ్బాయితో చెప్పండి.